డబ్బా మోత విన్నానన్న పిల్ల

నేను ముప్పై రెండేళ్ళు హైస్కూళ్ళలో తెలుగు చెప్పాను. అందులో మొదటి పన్నెండేళ్ళు పల్నాటిలోనే గడిచాయి. ఎప్పుడు ఏ గ్రేడు ఇచ్చారో, ఏ ఊరినుంచి ఏ ఊరికి బదిలీ చేశారో రాయబోవడం లేదు. వాటివల్ల ఎవరికీ తెలిసేది ఏమీ లేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, తెలుగు టీచరుకి కావలసింది ఏమిటని నన్ను అడుగుతుంటారు. నేను చేరిన కొత్తలో అడిగితే మంచి గొంతు, జ్ఞాపకశక్తి, వ్యాకరణం అని చెప్పేదాన్ని. ఆ మూడూ నాకు ఉండేవి. ఆ మూడూ ఉండి కూడా నేను చేసిన ఒక పొరపాటు గురించి ఇక్కడ రాస్తున్నాను.

పద్యం చెప్పడం ఈ ఉద్యోగంలో తేలికైన భాగం. పిల్లలు రాసింది చదవడం కష్టం. దిద్దడం వేరు, చదవడం వేరు. నేను చాలాకాలం దిద్దాను. చదవడం ఆలస్యంగా నేర్చుకున్నాను.

నన్ను చేర్చుకున్న బడి

మా నాన్న ఈపూరు దగ్గర పల్లెలో ఉపదేశి. వారం అంతా పొలం పని చేసి, ఆదివారం గుడిలో వాక్యం చెప్పేవాడు. నేను మిషన్ బోర్డింగులో ఉండి చదువుకుని, భాషాప్రవీణ ప్యాసయ్యాను. అరవైల మొదట్లో, అవతల కృష్ణ మీద ఆనకట్ట లేస్తున్న రోజుల్లో, గురజాల దాటి మాచర్ల దారిలో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ వైపు ఊళ్ళన్నీ ఒకటే తీరు. గోడలు నాపరాయి, కప్పు నాపరాయి, దొడ్డి చుట్టూ నిలబెట్టిన కంచె కూడా నాపరాయే. మా బడి వరండాలో పరిచిన రాళ్ళు ఊళ్ళో గనులున్న ఒకాయన ఇచ్చినవి. ఎండాకాలం మధ్యాహ్నం వాటిమీద చెప్పుల్లేకుండా నడవలేం.

హెడ్మాస్టరు రాఘవయ్య గారు లెక్కల మనిషి. అరవైకి దగ్గర పడుతున్నా రోజూ రెండు క్లాసులు తనే చెప్పేవారు. నేను చేరిన రోజు ఆయన నాతో దాచకుండా ఒక మాట చెప్పారు. క్రైస్తవుల అమ్మాయి తెలుగు పండితురాలు ఏమిటని బడి కమిటీలో కొందరు అడిగారట. చెప్పగలదో లేదో సంవత్సరం తరువాత చెబుతానని ఈయన జవాబిచ్చారట. స్టాఫ్ రూములో నా గ్లాసు నేనే తెచ్చుకోమన్నారు. తెచ్చుకున్నాను. ఆ రోజుల్లో అది పెద్ద విషయంగా నాకు తోచలేదు. ఇప్పుడు తోస్తుంది.

ఆ గ్లాసు, ఆ కమిటీ మాట నా మనసులో ఉండడం వల్ల కాబోలు, నేను మిగతావాళ్ళకంటే గట్టిగా, రాగం తీసి పద్యం చెప్పేదాన్ని. పక్క క్లాసుల పిల్లలు పాఠం మానేసి వినేవాళ్ళు. రాఘవయ్య గారు ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి విని, గంట కొట్టాక నన్ను పిలిచారు.

"బాగానే చెబుతున్నావు కరుణమ్మా. కాకపోతే చెబుతున్నంతసేపూ నిన్ను నువ్వే చూసుకుంటున్నావు. కాస్త పిల్లల వంక చూడు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. లెక్కల మేష్టారికి పద్యం సంగతి ఏం తెలుసునని అనుకున్నాను.

ఉపవాచకం

ఆ సంవత్సరం ఫిఫ్తు ఫారం, అంటే పదో క్లాసు, పిల్లలకి ఉపవాచకంగా ఒక నవల ఉండేది. పెద్ద పుస్తకాన్ని బడి పిల్లల కోసం తగ్గించి వేశారు. ఇప్పుడు అది ఎక్కడా దొరకదు. కథ చిన్నదే. ఒక పల్లెలో రాముడనే పదేళ్ళ పిల్లవాడికి అన్నంటే ప్రాణం. అన్న నడిచినట్టు నడుస్తాడు, అన్న తిన్నట్టు తింటాడు. ఒకరోజు ఆ అన్న పగబట్టి పక్కవాళ్ళ గడ్డివామికి నిప్పు పెడతాడు. రాముడు చెట్టు మీదనుంచి చూస్తాడు. నేరం ఆ పక్కింట్లో పని చేసే సుబ్బడి మీద పడుతుంది. ఊరి పెద్దలు రాముణ్ణి పిలిచి, నువ్వు అక్కడే ఉన్నావటగదా, ఏం చూశావని అడుగుతారు. చూడలేదంటాడు. సుబ్బణ్ణి ఊళ్ళోనుంచి వెళ్ళగొడతారు. ఆ అధ్యాయం చివర రచయిత ఒక్క వాక్యం రాశాడు: ఆ దినముతో రాముని బాల్యము ముగిసినది.

పరీక్షల్లో ఆ వాక్యం మీద ప్రశ్న ఖాయంగా వచ్చేది. రాముని బాల్యము ఏ దినముతో ముగిసినది, ఏల? గుంటూరులో అచ్చేసిన గైడులో దానికి పన్నెండు వాక్యాల జవాబు ఉండేది. దేవుడిలాంటి అన్న దుష్కార్యము చేయగా చూచుటచే రాముని హృదయమందలి అమాయకత్వము నశించినది, అని మొదలవుతుంది. నా నోట్సులో నేను రాయించింది కూడా దాదాపు అదే. కొంచెం మంచి సంధులతో.

అర్ధసంవత్సర పరీక్షల్లో నేను ఆ ప్రశ్నే ఇచ్చాను. నలభై పేపర్లలో ముప్పై తొమ్మిది ఒకటే జవాబు. అన్న నిప్పు పెట్టాడు, రాముడు చూశాడు, అమాయకత్వము నశించినది. నేను ఎర్రసిరాతో మార్కులు వేసుకుంటూ పోయాను.

నలభయ్యో పేపరు నాగరత్నానిది. రెండో బెంచీలో గోడవైపు కూర్చునే పిల్ల. పధ్నాలుగేళ్ళుంటాయి. పొట్టిగా, నల్లగా ఉండేది. అడిగితే చెప్పేది, అడగకపోతే చెప్పేది కాదు. వాళ్ళ నాన్న చెంచయ్య గారిదే మా బడికి రాళ్ళిచ్చిన గని. ఆయన బడి కమిటీలో కూడా ఉన్నారు. ఆ పిల్ల గురించి నాకు అప్పటికి తెలిసింది అంతే.

ఆ పిల్ల రాసిన జవాబు

ఆ పేపరు నా దగ్గర లేదు. కానీ తిరిగి ఇచ్చేలోపు చాలాసార్లు చదివాను కాబట్టి ఇంచుమించు అలాగే చెప్పగలను.

మొదటి భాగం బడి భాషలోనే ఉంది. రాముని బాల్యము అన్న నిప్పుపెట్టుట చూచినప్పుడు ముగియలేదు, అని మొదలుపెట్టింది. చూచినప్పుడు రాముడు ఏడ్చినాడు, ఏడ్చువాడు ఇంకను బాలుడే. పెద్దలు అడిగినప్పుడు చూడలేదనెను. అందరును నమ్మిరి. ఎవరును కొట్టలేదు, తిట్టలేదు, ఇంటికి పోయి అన్నము తినెను. అప్పుడు ముగిసినది.

అక్కడితో ఆపితే నేను పదికి తొమ్మిది వేసి, మెచ్చుకుని ఊరుకునేదాన్ని. ఆమె ఆపలేదు. ఇందుకు ఒక ఉదాహరణము, అని కొత్త పేరా మొదలుపెట్టింది. రెండు మూడు వాక్యాలు పోయేసరికి బడి భాష జారిపోయి మామూలు మాటలు వచ్చాయి.

ఒకచోట కొండ పగలగొట్టే పని జరుగుతోంది. రాతిలో బెజ్జాలు వేసి, మందు కూరి, వత్తి అంటించేముందు ఒక మనిషి కిరసనాయిలు డబ్బా వాయించుకుంటూ చుట్టూ తిరుగుతాడు. అది విని కూలివాళ్ళందరూ దూరం పోతారు. ఆ రోజు రాళ్ళకోసం లారీలు వచ్చి నిలబడ్డాయి. పని చేయించే ఆయన తొందరలో డబ్బా మనిషిని కూడా లారీకి రాయెత్తడానికి పంపాడు. వత్తి అంటించమన్నాడు. కింద తట్ట మోస్తున్న ఒకామె ఉండిపోయింది. ఆమె చచ్చిపోయింది. ఆయన కూతురు నాన్నకి క్యారేజీ తీసుకుని వచ్చి పాకలో కూర్చుని ఉంది. అధికారి వచ్చాడు. నాన్న డబ్బా కొట్టించానన్నాడు, ఆమె కుండ మర్చిపోయి వెనక్కి పోయిందన్నాడు. అధికారి ఆ పిల్లని దగ్గరికి పిలిచి, అమ్మాయీ, డబ్బా మోగిందా అని అడిగాడు. ఆ పిల్లకి అబద్ధం చెప్పమని ఎవరూ చెప్పలేదు. నాన్న నేల వంక చూస్తున్నాడు. ఆ పిల్ల మోగింది అని చెప్పింది. అధికారి తలమీద చెయ్యి వేసి, పిల్లలు అబద్ధం ఆడరు అని, రాసుకుని వెళ్ళిపోయాడు. అందరూ మజ్జిగ తాగారు. ఆ పిల్లకి కూడా ఇచ్చారు. ఆ పిల్ల తాగింది.

ఇందుచేత రాముని బాల్యము ఆ దినముతో ముగిసినది, అని మళ్ళీ బడి భాషలో ముగించింది.

నేను ఆ జవాబు చూసి ఏం చేశానో రాస్తాను. ఎర్రసిరా పెట్టి 'మోగింది' అన్న మాట కొట్టేసి, పైన 'మ్రోగినది' అని రాశాను. 'చచ్చిపోయింది' కొట్టేసి 'మరణించినది' అని రాశాను. అలాంటివి పదకొండు దిద్దాను. ఇది కల్పన అనుకున్నాను. నేను ఆ ఊరికి వచ్చి ఆరు నెలలే అయింది. గైడు చూడకుండా రాసిన పిల్ల ఒక్కతే దొరికిందని, అది నేను పాఠం చెప్పిన తీరువల్లేనని సంతోషించాను.

చదివి వినిపించడం

మర్నాడు పేపర్లు పంచేముందు ఆ జవాబు క్లాసులో చదివాను. పేరు చెప్పలేదు. చెప్పకపోవడం జాగ్రత్త అనుకున్నాను. నాకున్న గొంతంతా పెట్టి, ఆగవలసినచోట ఆగి చదివాను. డబ్బా మోగిందా అన్న దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగాను.

చదవడం అయ్యాక తల ఎత్తి చూశాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఒక్కరూ నా వంక చూడడం లేదు. వెనక బెంచీలవాళ్ళు ముందుకి వంగి, అందరూ రెండో బెంచీలో గోడవైపు చూస్తున్నారు. నాగరత్నం తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. అప్పటికీ నాకు అర్థం కాలేదు. సిగ్గుపడుతోంది అనుకున్నాను.

మూడో పీరియడు తరువాత రాఘవయ్య గారు పిలిపించారు. అప్పటికే ఎవరో వెళ్ళి ఆయనకి చెప్పారు. ఆయన కూర్చోమనలేదు.

"ఆ జవాబు ఎవరిది?"

"నాగరత్నానిది సార్."

"చెంచయ్య కూతురు. రెండేళ్ళ కిందట వాళ్ళ గనిలో పేలుడికి ఒక మనిషి చచ్చిపోయింది. లింగమ్మని, దేవరకొండ వైపునుంచి వచ్చిన కూలిమనిషి. నీకు తెలుసా?"

"తెలియదు సార్."

"నీకు తెలియదు. క్లాసులో నలభైమందికీ తెలుసు."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశారు. పరిశీలనకి వచ్చిన అధికారి ఆ మరణం ఆ మనిషి అజాగ్రత్త వల్లేనని రాసుకుని వెళ్ళాడనీ, ఆమె మొగుడూ, తల్లీ, ఆ గుంపువాళ్ళంతా వారం తిరక్కుండా కృష్ణ దాటి వెళ్ళిపోయారనీ చెప్పారు. డబ్బా కొట్టలేదని ఊళ్ళో అప్పుడే కొందరు గుసగుసలాడారట. కానీ చూసినవాళ్ళెవరూ చెప్పలేదు కనుక మాట అణిగిపోయింది. ఇప్పుడు మళ్ళీ లేచింది, ఈసారి చెంచయ్య సొంత కూతురి నోటినుంచి.

"నేను చదవకుండా ఉండాల్సింది సార్" అన్నాను.

"చదివావు గదా. ఇక చెంచయ్య వస్తాడు. ఏం చెబుతావో ఆలోచించుకో" అన్నారు.

చెంచయ్య గారు

ఆయన ఆ మధ్యాహ్నమే వచ్చారు. నేను ఏదో కేకలు వేసే మనిషిని ఊహించుకున్నాను. ఆయన వరండాలో చెప్పులు విడిచి, కండువా సర్దుకుని లోపలికి వచ్చారు. హెడ్మాస్టరు కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతుల మీద రాతిపని చేసిన మనిషికి ఉండే తెల్లని గీతలు ఉన్నాయి. ఆయన గని యజమాని కావడానికి ముందు పాతికేళ్ళు గడ్డపార పట్టారని తరువాత విన్నాను.

నాగరత్నాన్ని కూడా పిలిపించారు. ఆ పిల్ల తలుపు దగ్గరే నిలబడింది.

"టీచరమ్మా, నాకు చదువు రాదు" అన్నారు చెంచయ్య గారు. "మా అమ్మాయి ఏందో రాసిందంట, మీరు అందరిముందూ చదివారంట. బజార్లో చానామంది చెబుతున్నారు. అది నవల గురించి రాసిందా, నా గురించి రాసిందా? ఆ ఒక్క ముక్క చెప్పండి, చాలు. నా గురించైతే రేపటినుంచి బడికి రాదు. మా అక్క కొడుకు ఉన్నాడు, మంచి ముహూర్తం చూసి పంపించేస్తా."

అది బెదిరింపు కాదు. అడిగి తెలుసుకుని ఇంటికి వెళ్ళి చేయవలసిన పని గురించి చెప్పినట్టే చెప్పారు.

పేపరు నా సంచీలో ఉంది. ఆ పిల్ల నా వంక చూస్తోంది. ఆ చూపు గురించి నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. తనని కాపాడమని అడుగుతోందని అప్పుడు అనుకున్నాను. నిజం చెప్పమని అడుగుతోందేమో కూడా. రెండింటికీ చూపు ఒకటే.

"నవల గురించేనండి" అన్నాను. "ఆ ఉదాహరణ నేను చెప్పిందే. పిల్లలకి అర్థం కావాలని కల్పించి చెప్పాను. ఈ ఊళ్ళో అట్లాంటిది జరిగిందని నాకు తెలియదు. తప్పు నాది."

ఆయన కూతురి వైపు తిరిగారు. "టీచరమ్మ చెప్పిందే రాశావా?"

నాగరత్నం నన్ను ఇంకొక్క క్షణం చూసింది.

"అవును నాన్నా. టీచర్ చెప్పిందే" అంది.

ఆయన ముఖంలో బిగువు సడలింది. మనిషి ఒక్కసారి ముసలివాడైనట్టు కనిపించాడు. "మా పిల్ల అబద్ధమాడదు" అని హెడ్మాస్టరుతో అని, నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. బడికి రాళ్ళిచ్చిన మనిషి నాకు దణ్ణం పెట్టడం అదే మొదటిసారి.

రాఘవయ్య గారు ఆ రోజు నాకు చెప్పింది అలాగే రాస్తున్నాను. "నువ్వు చేసింది మంచో చెడో నాకు తెలీదు. పిల్ల రేపు బడికి వస్తుంది. ప్రస్తుతానికి అది చూసుకో. ఆ కాయితం ఆ పిల్లది, దానికే ఇచ్చెయ్."

సాయంత్రం బడి వదిలాక వరండాలో ఇచ్చాను. నాగరత్నం పేపరు తిప్పి నా ఎర్రసిరా దిద్దుళ్ళు ఒక్కొక్కటే చూసింది.

"మ్రోగినది అని రాయాలా టీచర్?" అని అడిగింది.

"అవును" అన్నాను. ఆమె కాయితాన్ని నాలుగు ముక్కలు చేసి, పుస్తకంలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తరువాతి పేపర్లు

నాగరత్నం బడి మానలేదు. ఆ సంవత్సరమూ, పై సంవత్సరమూ చదివింది. ఆమె పేపర్లు దిద్దడం చాలా తేలికైపోయింది. ప్రతి జవాబూ గైడులో ఉన్నట్టు, అక్షరం పొల్లుపోకుండా ఉండేది. సంధులు సరిగ్గా ఉండేవి. 'మ్రోగినది', 'మరణించినది' లాంటివి ఎక్కడ రావాలో అక్కడ వచ్చేవి. ఎస్సెస్సెల్సీలో బడి మొత్తానికి మొదటి స్థానం ఆమెదే. తెలుగులో ఆమెకి వచ్చినన్ని మార్కులు అంతకు ముందు ఎవరికీ రాలేదు. కమిటీవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. క్రైస్తవుల అమ్మాయి తెలుగు చెప్పగలదని రుజువైంది.

ఆ రెండేళ్ళలో ఆమె రాసిన వాటిలో ఆమె సొంత మాట ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. వెతికాను. దొరకలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒకటి చెప్పాలి. పిల్ల చదువు ఆగిపోకుండా నేను అబద్ధం చెప్పాను, దానివల్ల చదువు ఆగలేదు. ఆ మాట నిజమే, దానికి నేను పశ్చాత్తాపపడను. కానీ ఆ పిల్ల రెండేళ్ళపాటు లోపల పెట్టుకున్నదాన్ని బయటికి చెప్పడానికి ఒక మనిషిని ఎంచుకుంది. నన్ను ఎంచుకుంది. పరీక్ష పేపరు టీచరు ఒక్కతే చదువుతుందనుకుంది. నేను ముందు అది అందరికీ వినిపించాను, తరువాత అది ఆమెది కాదన్నాను. రెండూ ఒక్కరోజులోనే. నిజాన్ని పెద్దవాళ్ళు ఏం చేస్తారో ఆ పిల్లకి మొదటిసారి ఆ అధికారి నేర్పాడు, రెండోసారి నేను నేర్పాను. నవల్లో రాముడి బాల్యం ఎప్పుడు ముగిసిందో నాకంటే బాగా చెప్పిన పిల్ల ముందు నేను కూడా డబ్బా మోగిందనే చెప్పాను.

చదవక ముందు ఆ పిల్లని పక్కకి పిలిచి, ఇది ఎక్కడిదమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. బహుశా కల్పించాను టీచర్ అనేది. అయినా అడగవలసింది. ఆ తరువాత ఏ పిల్ల రాసిందీ ఆ పిల్లని అడగకుండా క్లాసులో చదవలేదు. ఆ నవల ఇంకా నాలుగేళ్ళు ఉపవాచకంగా ఉంది. పరీక్షలో ఆ ప్రశ్న నేను మళ్ళీ ఇవ్వలేదు. పాఠం చెబుతూ ఆ అధ్యాయం వచ్చినప్పుడు మాత్రం, రాముడు చూడలేదన్న తరువాత ఊళ్ళో ఎవరెవరు ఏం చేశారో చెప్పండి అని పిల్లల్ని అడిగేదాన్ని. సుబ్బడు ఊరు వదిలి ఎటు వెళ్ళాడని ఒక్కో సంవత్సరం ఒకరిద్దరు అడిగేవాళ్ళు. పుస్తకంలో దానికి జవాబు లేదు.

నరసరావుపేట బస్టాండులో

అరవైల చివర నన్ను నరసరావుపేట వేశారు. ఒకరోజు పగలు బస్టాండులో ఎడ్లపాడు వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉంటే, తెల్ల చీర కట్టుకున్న అమ్మాయి వచ్చి నమస్కారం పెట్టింది. గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. నాగరత్నం నర్సు ట్రెయినింగు పూర్తిచేసి ఒక ఆస్పత్రిలో చేస్తోందట. పెళ్ళి కాలేదు. మాచర్ల బస్సు కోసం వచ్చింది, సెలవు పెట్టి ఇంటికి వెళుతోంది.

సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. కాసేపు ఆస్పత్రి గురించీ బడి గురించీ మాట్లాడుకున్నాం. ఆ తరువాత నేనే, ఎన్నో ఏళ్ళుగా చెప్పాలనుకున్నది, ఆ రోజు వాళ్ళ నాన్న ముందు నేను అబద్ధం చెప్పానని చెప్పాను. ఆమె తల ఊపింది. వెంటనే తను చెప్పవలసింది మొదలుపెట్టింది.

ఆస్పత్రికి పురిటికి వచ్చిన ఒకామె కృష్ణ అవతలి మనిషట. మాటల్లో ఒకప్పుడు మాచర్ల వైపు గనుల్లో చేశానంది. నాగరత్నం లింగమ్మ పేరు చెప్పి అడిగితే, ఆమె వాళ్ళ ఊరు చెప్పింది. రెండు నెలలు ఆలోచించి, ఒక ఆదివారం నాగరత్నం బయల్దేరి వెళ్ళింది. రెండు బస్సులు మారి, నాలుగు మైళ్ళు నడిచింది. లింగమ్మ తల్లి అప్పటికి చచ్చిపోయింది. మొగుడు ఇంటిముందు తాడు పేనుకుంటూ కూర్చుని ఉన్నాడు. తను ఎవరో చెప్పింది. ఆ రోజు డబ్బా మోగలేదనీ, తను మోగిందని చెప్పాననీ చెప్పింది.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"తాడు పేనడం ఆపలేదు టీచర్. 'డబ్బ గొట్టలేదని మాకెర్కే బిడ్డా. మేమందరం ఆడనే ఉంటిమి గద. మమ్ముల ఎవ్వరు అడగలే' అన్నాడు."

ఆమె బస్సు వస్తోందేమోనని దారి వంక చూసి, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇన్నేళ్ళూ ఆ సంగతి ఖాయంగా తెలిసింది నాన్నకీ నాకూ మాత్రమే అనుకున్నా. ఆ రోజు గనిలో ఇరవైమంది ఉన్నారు. ఇరవైమందికీ తెలుసు. వాళ్ళని వదిలేసి నన్ను అడిగారు. నేను చిన్నపిల్లనని కాదు, చెంచయ్య కూతుర్నని. అది నాకు అక్కడికి పోయేదాకా తట్టలేదు."

నాకు కూడా ఆ క్షణం దాకా తట్టలేదు. ఆ జవాబు అన్నిసార్లు చదివాను, తరువాత అన్నిసార్లు మనసులో చెప్పుకున్నాను. ఆ కూలివాళ్ళు అందులో ఎక్కడ నిలబడి ఉన్నారని ఒక్కసారి కూడా చూడలేదు.

వాళ్ళ నాన్నకి ఈ సంగతి తెలుసా అని అడిగాను. పోయినసారి సెలవుకి వెళ్ళినప్పుడు చెప్పానంది. గని ఇప్పుడు వేరేవాళ్ళ చేతికి పోయిందట, ఆయన ఇంటిదగ్గరే ఉంటున్నారట.

"అన్నం తింటుంటే చెప్పా. లింగమ్మోళ్ళ ఊరికి పోయొచ్చానని, వాళ్ళకి మొదటినుంచీ తెలుసని. మధ్యలో లేవలేదు, మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, 'ఆళ్ళ ఊరు ఎంత దూరం' అన్నాడు. చెప్పా."

"వెళ్ళారా?"

"లేదు. ఆ నాలుగు రోజుల్లో మళ్ళీ రెండుసార్లు అడిగాడు. ఉత్తరాల్లో కూడా పక్కింటి పిల్లాడి చేత అదే రాయిస్తున్నాడు, ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి అని. నేను ప్రతిసారీ రాస్తున్నా."

మాచర్ల బస్సు వచ్చింది. ఆమె సంచీ తీసుకుని లేచి, రెండురోజులు సెలవు ఎక్కువ పెట్టాననీ, ఆయన వస్తానంటే తనే తీసుకుపోతాననీ చెప్పి ఎక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు కదిలేదాకా నేను ఆ కిటికీ కిందే నిలబడ్డాను.